మా ఇంట్లో ఎవరూ గెలవలేదు

కోనదిన్నె, బెళుగుప్ప మండలం
15-2-2004

అక్కా,

క్షేమ సమాచారాలు చివర రాస్తాను. ముందు నేరం రాస్తాను. మన ఊరి పిల్లల పళ్ళు పాడుచేసినవాడు, వాళ్ళ మోకాళ్ళు వంచుతున్నవాడు సర్పంచు కుళ్ళాయప్ప. బోరింగు నీళ్ళలో విషం ఉందని తెలిసీ దాచిపెట్టాడు. ఈ మాట కోపంలో రాయడం లేదు. లేదు, కోపంలోనే రాస్తున్నాను. కానీ నా దగ్గర ఇరవై మూడు కాగితాల సాక్ష్యం ఉంది.

విద్యా వాలంటీరుగా నేను ఆరు, ఏడు తరగతులకు పాఠం చెప్పే గదిలో ఇప్పుడు పిల్లలు లేరు. కరువు పనుల బియ్యం మూటలు ఉన్నాయి. హెడ్‌మాస్టరు ఓటర్ల జాబితా పని మీద అనంతపురం పోతూ, "పిల్లోళ్ళను ఇండ్లకు పంపిచ్చెయ్ గిరీ, మూటలు ఖాళీ అయినాక చూద్దాం" అన్నాడు. పంపాను గాని ఊరికే పంపలేదు. బడి మూస్తే ఇల్లే బడి కావాలి. నా దగ్గరున్న సైన్సు కరపత్రాలన్నీ ముందేసుకుని, ఒక్క శనివారం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఇంటి దగ్గర చేయాల్సిన పనులు రాశాను. కార్బన్ పెట్టి ఇరవై మూడు ప్రతులు తీశాను. పైన 'ఇంటి బడి' అని పేరు పెట్టాను.

పొద్దున ఇంట్లోకి ఎన్ని కుండల నీళ్ళు వచ్చాయో, ఎక్కడి నుంచి వచ్చాయో, ఎవరు మోశారో రాయాలి. తర్వాత వాకిట్లో కట్టె పాతి, గంటగంటకూ దాని నీడను జానలతో కొలవాలి. మధ్యాహ్నం ఇంట్లో పెద్దవాళ్ళను కూర్చోబెట్టి, వాళ్ళ చిన్నప్పుడు మన చేలల్లో ఏమేం పండేవో అడిగి రాయాలి. సాయంత్రం అద్దం పట్టుకుని అందరి పళ్ళూ చూసి బొమ్మ వేయాలి. ఆఖరున మూడు ఆటలు: మోకాళ్ళు వంచకుండా కాలివేళ్ళు అందుకోవడం, గడ్డం రొమ్ముకు ఆనించడం, రెండు చేతులూ తల వెనక్కి పెట్టుకోవడం. ఇంటిల్లిపాదీ ఆడాలి. ఎవరు గెలిచారో రాయాలి.

ఆ ఆటలు ఫ్లోరైడు కరపత్రంలోవి. నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువైతే పళ్ళ మీద మచ్చలు వస్తాయి, ఎముకలు బిగుసుకుంటాయి, అప్పుడు ఆ మూడు పనులూ చేయలేరు. అది నల్లగొండ సంగతి, పిల్లలకు ఒక పాఠంలా ఉంటుంది అనుకున్నాను. మన ఊరు బయటపడుతుందని అనుకోలేదు.

సోమవారం కాగితాలు వచ్చాయి. పద్దెనిమిది కాగితాల్లో పిల్లలు పళ్ళకు పసుపు గీతలు గీశారు, మట్టిరంగు చుక్కలు పెట్టారు. ఆ పద్దెనిమిది ఇళ్ళూ బోరింగు నీళ్ళవే. మిగతా ఐదు ఇళ్ళు కుళ్ళాయప్ప తోట పక్కవి. అవి అతని మోటరు నీళ్ళు తాగుతాయి. ఆ ఐదు కాగితాల్లో పళ్ళకు రంగే వేయలేదు, తెల్లగా వదిలేశారు.

నల్లమ్మ కూతురు గౌతమి నీకు గుర్తుందా? నీ పెళ్ళిలో నీ కొంగు పట్టుకుని తిరిగిన పిల్ల. ఇప్పుడు ఆరో తరగతి. దాని కాగితం అలాగే ఎక్కిస్తున్నాను: 'మా అవ్వకు గడ్డం ఆనలేదు. మా నాయనకు వేళ్ళు అందలేదు. మా అమ్మకు చేతులు వెనక్కి పోలేదు. నాకు వంగితే మోకాళ్ళు నొచ్చినాయి. మా ఇంట్లో ఎవరూ గెలవలేదు.' ఆ పిల్ల నడుస్తుంటే మోకాళ్ళు ఒకదానికొకటి రాసుకుంటాయి. రోజూ చూస్తూనే ఉన్నాను, ఆ కాగితం చదివాకే కనిపించింది.

మన ఇంట్లో కూడా ఆడించాను. అమ్మ నవ్వుతూ మొదలుపెట్టింది. గడ్డం ఆనలేదు. "మోసిన కుండలు తక్కువనా" అని లేచి లోపలికి పోయింది. పక్కనుంచి పిలిస్తే అమ్మ తల తిప్పదు అక్కా, మనిషంతా తిరుగుతుంది.

సర్కారుకు మన ఊరంటే ఎంత లెక్కో నీకూ తెలుసు. ఆరేళ్ళ కిందట బోరింగుకు తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడు కొట్టి, పైరంగు వేయకుండా సగం పనిలో పోయారు. మా యువజన సంఘమే శ్రమదానం చేసి నీలంరంగు వేసింది. మీద తెల్లగా 'మంచినీళ్ళు' అని రాసింది నేనే. అక్షరాలు ఇప్పటికీ చెదరలేదు. సర్కారుది నిర్లక్ష్యం, కుళ్ళాయప్పది నేరం. తెలియకపోతే అతని ఇంట్లో ఒక్కరైనా ఆ నీళ్ళు ఎందుకు ముట్టరు?

ఇక క్షేమం. నీకు ఏడో నెల అని బావ ఫోన్లో చెప్పాడు. ఈసారైనా కాన్పుకు వస్తావా? తొలికాన్పు పుట్టింట్లో జరగాలని లోకమంతటికీ తెలుసు, మీ అత్త రామలక్ష్మమ్మకు తప్ప. ఆ మనిషి గుండె బండతో చేసిందని నా మాటగా చెప్పు. అమ్మ అప్పుడే పాత చీరలు ఉతికి మెత్తచేసి పెట్టుకుంది.

నీ తమ్ముడు
గిరి


వజ్రకరూరు
24-2-2004

చిరంజీవి తమ్ముడు గిరికి అక్క మల్లీశ్వరి ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ నేను, మీ బావ, అత్తమ్మ, మా చిన్నోడు క్షేమం. నీ ఉత్తరం మీ బావ గట్టిగా చదివి, "మీ తమ్ముడు జాబు రాస్తాండాడా, కేసు పెడతాండాడా?" అని నవ్వినాడు. చిన్నోడు నీ మూడు ఆటలూ ఆడి, "నేనే గెలిచినా" అని ఇల్లంతా గంతులేసినాడు. వాడి పళ్ళు అద్దంలో చూపించమని పేచీ పెట్టినాడు. చూపించాను.

నీ ఇంటి బడి బాగుంది. కట్టె నీడ కొలవడం నాకు నచ్చింది. మన చేలల్లో ఏం పండేవో ఎవరైనా కొర్రలు, సజ్జలు అని రాశారా? అలాంటివే పెట్టు. పళ్ళ సంగతి ఇక ఎత్తవద్దు.

కుళ్ళాయప్ప జోలికి పోవద్దు. అతనికి తెలుసని నువ్వు కళ్ళతో చూశావా? అతనింటి వాళ్ళు బోరింగుకు రాకపోవడానికి వేరే కారణం అక్కర్లేదు. ఇంటి ముందర మోటరు పెట్టుకుని ఎవరైనా కుండ ఎత్తుకుని వస్తారా? ఒకవేళ ఎవరికైనా తెలిసి ఉన్నా, చెప్పి ఏం చేయాలో వాళ్ళకు తోచి ఉండదు.

నువ్వు మగపిల్లవాడివి, చిన్నవాడివి. బోరింగు పడకముందు తోట బావికి నడిచింది నీకు తెలియదు. మైలున్నర పోను, మైలున్నర రాను. పోయినాక కుళ్ళాయప్ప నాయన మంచి మనసు మీద ఉంటే చేంతాడు ఇచ్చేవాడు, లేకుంటే గొడ్లు తాగేదాకా ఎండలో నిలబెట్టేవాడు. నాకు ఎనిమిదో ఏట మొదలైంది ఆ నడక. ఆ బోరింగు గురించి నువ్వు ఒక మాట అంటే, మన ఊరి ఆడవాళ్ళకు ఆ నడక గుర్తొస్తుంది. జాగ్రత్త.

గౌతమికి పాలు తాగించమని నల్లమ్మకు చెప్పు. ఆకుకూర పెట్టమను. బోరింగు నీళ్ళు తగ్గించి, దొరికితే వేరే నీళ్ళు పట్టమను.

కాన్పుకు ఈసారీ రావడం కుదరదు. అత్తమ్మ పంపనంటోంది. ఆమెను తిట్టవద్దు, నీకు పుణ్యం ఉంటుంది.

అక్క
మల్లీశ్వరి


కోనదిన్నె
5-3-2004

అక్కా,

పాలట! నల్లమ్మ ఇంట్లో ఆవు ఉందా, బర్రె ఉందా? నీకు వజ్రకరూరు పోయి ఐదేళ్ళకే మన ఊరు మరుపుకొచ్చింది. జాగ్రత్త, జోలికి పోవద్దు, ఎత్తవద్దు. ఇవి తప్ప నీ ఉత్తరంలో ఏముంది? జనం భయపడినంత కాలం కుళ్ళాయప్పలు బతుకుతారు. ఇది కరపత్రం మాట కాదు, నా మాట.

పోయిన ఆదివారం బియ్యం పంచేటప్పుడు బడి ముందర ఊరంతా ఉంది. నేను బియ్యం మూట ఎక్కి నిలబడి కాగితాలు ఒక్కొక్కటీ చదివాను. గౌతమిది చదివేటప్పుడు నల్లమ్మ కొంగు నోట్లో పెట్టుకుంది. జనం వింటున్నారు అక్కా, నిజంగా వింటున్నారు. అప్పుడు కుళ్ళాయప్ప వచ్చాడు.

"ఏమప్పా గిరీ, పిల్లోళ్ళ నోర్లు తెరిపిచ్చి పండ్లు ఎంచుతాండావంట. గొడ్ల సంతలో బేరగాడివైతివా?"

జనం నవ్వారు. ఇందాక కళ్ళు తుడుచుకున్నవాళ్ళే.

"మీ ఇంట్లో ఎవురూ బోరింగు నీళ్ళు యాల తాగరో చెప్పు ముందు" అన్నాను.

"నా తోటలో నీళ్ళుంటే ఊర్లోకి యాల వస్తానప్పా? నువ్వు అన్నం మీ ఇంట్లో తింటావా, నా ఇంట్లో తింటావా?"

"నీళ్ళలో విషం ఉండాదని నీకు తెలుసు. తెలిసి దాచినావు."

అతని మొహంలో నవ్వు పోయింది. "విషమా?" అన్నాడు. "సరే. సర్పంచుగా నేను జనానికి విషం తాపేది న్యాయం కాదు గదా. హ్యాండిల్ పీకిస్తా. రేపటి నుంచి ఊరికి నీళ్ళు నువ్వు మోస్తావో, నీ కాగితాలు మోస్తాయో చూద్దాం."

మర్నాడు పొద్దునకు బోరింగుకు హ్యాండిల్ లేదు. ఈ రోజుకు ఐదో రోజు. రెండూళ్ళ అవతల మడుగు ఒకటుంది, ఎద్దులబండి ఉన్నవాళ్ళు అక్కడి నుంచి తెస్తున్నారు. లేనివాళ్ళు నడుస్తున్నారు. నేను వీధిలోకి వస్తే మాటలు ఆగిపోతాయి. నిన్న మన వాకిట్లో ఎవరో పగిలిన కుండపెంకులు గుట్టగా పోసి పోయారు. నల్లమ్మ ఒక్కతే మొహం మీద చెప్పింది: "పండ్ల సంగతి తర్వాత చూడు గిరీ. ముందు గొంతు తడవాల గదా."

అమ్మ మడుగుకు పోతుంది. నేను కుండ ఎత్తుకుంటే, "నువ్వు నెత్తిన పెట్టుకుంటే ఊరు ఇంకా నవ్వుతుంది" అని లాక్కుంటుంది. 

నేను తగ్గను. సీసాలో బోరింగు నీళ్ళు ముందే పట్టి పెట్టాను. వచ్చే వారం అనంతపురం పోయి నీళ్ళ పరీక్ష ఆఫీసులో ఇస్తాను. రిపోర్టు తెచ్చి అతని మొహాన కొడతాను.

గిరి


వజ్రకరూరు
13-3-2004

తమ్ముడూ,

హ్యాండిల్ తిరిగి పెట్టారా లేదా, ఈ ఒక్క మాట కార్డు ముక్క మీదైనా రాయి. నాకు అన్నం సయించడం లేదు. అమ్మ ఆ మెడతో మడుగు గట్టు ఎలా ఎక్కి దిగుతోంది? పోయి కుళ్ళాయప్ప కాళ్ళు పట్టుకో. నీకు చిన్నతనమైతే నాయనను పంపు.

హ్యాండిల్ వచ్చినాక అమ్మకు మాత్రం బోరింగు నీళ్ళు పోయవద్దు. కాచి పోస్తాం అంటారేమో, కాచినా లాభం లేదు. మడుగు నీళ్ళు కాచి, గుడ్డతో వడగట్టి పోయండి.

అనంతపురం పోవద్దు గిరీ. ఎండలు ముదిరాయి. ఆ ఆఫీసుల్లో ఏముంది, పాత పుస్తకాలు తప్ప. ఎలక్షన్లు అయ్యేదాకా నిన్ను పట్టించుకునేవాడు ఉండడు. నా మాట ఇదొక్కటి విను.

అక్క


కోనదిన్నె
24-3-2004

మల్లీశ్వరికి,

హ్యాండిల్ తొమ్మిదో రోజు వచ్చింది. అమ్మ మడుగు గట్టు మీద జారి పడింది, మోచెయ్యి వాచింది, విరగలేదు. నువ్వు అడిగినందుకు రాస్తున్నాను.

ఇప్పుడు నేను అడిగేవి ఉన్నాయి.

కాచినా లాభం లేదని నువ్వు రాశావు. ఫ్లోరైడు కాచినా పోదని నాకే ఈ నెలలో వచ్చిన కరపత్రంలో తెలిసింది. నీకు నేను రాయలేదు. మీ ఊళ్ళో ఆ గొడవే లేదు. నీకు ఎవరు చెప్పారు?

ఆ అనుమానంతోనే సీసా పట్టుకుని అనంతపురం పోయాను. ఆఫీసులో పెద్దవాళ్ళెవరూ లేరు, అంజినప్ప అని ముసలి అటెండరు ఉన్నాడు. సీసా తీసుకుని ఊరి పేరు అడిగాడు. కోనదిన్నె అనగానే, "మీ ఊరిది ఎప్పుడో చూసినారే" అని బీరువా తెరిచి రిజిస్టరు తీశాడు. ఆయన వేలు పెట్టి చూపించింది నేను ఎక్కించుకున్నాను.

'9-5-1998. కోనదిన్నె. ఊరి చేతిపంపు. ఫ్లోరైడు లీటరుకు నాలుగు మి.గ్రా. పైన. తాగరాదు. పంపునకు ఎర్రరంగు వేయడమైనది. గ్రామస్థులకు తెలియజేయడమైనది.' కింద వరుసలో, 'తోట బోరు. తాగవచ్చు.'

ఎర్రరంగు అంటే ఏమిటని అడిగాను. నా నోటితో నేనే అడిగాను.

"ఏం చదివినావప్పా నువ్వు? ఎర్రరంగు కొట్టిన బోరింగు నీళ్ళు తాగగూడదని గుర్తు. జిల్లా అంతా కొట్టినారు గదా."

"తుప్పు పట్టకుండా కొట్టే రెడ్ ఆక్సైడు కాదా?"

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. "దాని మీద ఎవురన్నా వేరే రంగు కొట్టినారా ఏమి?" అన్నాడు.

ఆరేళ్ళు. సర్కారు సగం పని చేసి పోయిందని, నేను పూర్తి చేశానని, ఎన్ని మీటింగుల్లో చెప్పుకున్నానో. గౌతమికి అప్పుడు ఐదేళ్ళు. అది ఆ అక్షరాల మీద వేలు పెట్టి 'మంచినీళ్ళు' అని కూడబలుక్కుని చదువు నేర్చుకుంది. బాగా చదివావని నేనే మెచ్చుకున్నాను.

ఇంకొకటి ఉంది. రిజిస్టరులో 'తెలియజేయడమైనది' అన్న మాట ఎదురుగా సంతకం ఉంది. కుళ్ళాయప్పది కాదు. అప్పటికి అతను సర్పంచు కూడా కాదు. గుండ్రటి అక్షరాలు, మ మీద తలకట్టు పెద్దగా. బి. మల్లీశ్వరి.

ఈ ఉత్తరానికి జవాబు రాయి. క్షేమం రాయనక్కర్లేదు.

గిరి


వజ్రకరూరు
31-3-2004

గిరీ,

ఆ సంతకం నాదే.

ఆ రోజు బోరింగు దగ్గర నేనొక్కదాన్నే ఉన్నాను. జీపులో ఇద్దరు వచ్చారు. ఒకాయన రంగు కొట్టాడు, ఒకాయన నన్ను పిలిచాడు. "అమ్మణ్ణీ, సంతకం చేసేకి వస్తుందా? ఈ నీళ్ళు తాగేకి పనికిరావు. గుడ్డలు ఉతుక్కోండి, ఇల్లు అలుక్కోండి. కాచినా పోదు. ఊర్లో అందరికీ చెప్పు" అన్నాడు. ఏడో తరగతి పాసైన అమ్మాయినని గర్వంగా సంతకం పెట్టాను. పెట్టినాక అడిగాను, మరి తాగేకి యాడికి పోవాల సార్ అని. ఆయన డబ్బా మూత బిగించి, "పైకి రాస్తాం" అన్నాడు. జీపు పోయింది.

ఇంటికి పోయి అమ్మకు చెప్పాను. అమ్మ రాగులు విసురుతోంది. విసరడం ఆపలేదు. గింజలు అయిపోయి ఊరికే రాళ్ళు తిరుగుతున్నా ఆపలేదు. చివరకు, "మళ్ళీ ఆ తోట బావికి పోయేకి నాతో కాదు. నీతో కూడా కాదు. ఎవురికీ చెప్పొద్దు" అంది. నేను బతిమాలలేదు. నాకు సంతోషమైంది గిరీ. దాచను. పదిహేడేళ్ళు వచ్చినా నడినెత్తి మీద చుట్టకుదురు పెట్టి పెట్టి నాకు అక్కడ జుట్టు మొలిచేది కాదు. బోరింగు పడిన నాలుగేళ్ళకు మొలిచింది. నీళ్ళు చెడ్డవని అరిస్తే అది మళ్ళీ పోతుందని తోచింది. ఎర్రరంగు ఉంది కదా, తెలిసినవాళ్ళు తెలుసుకుంటారులే అనుకున్నాను.

వారం తిరగలేదు, నువ్వు నీలంరంగు డబ్బా తెచ్చావు. సర్కారును తిట్టుకుంటూ రంగు వేశావు. అక్షరాలు రాసేటప్పుడు డబ్బా పట్టుకున్నది నేను. "వంకర పోలేదు గదా అక్కా?" అని అడిగావు. "పోలేదు" అన్నాను. ఆ ఒక్క మాటకు బదులు ఇంకో మాట చెప్పి ఉంటే గౌతమి ఇవాళ పరుగెత్తేది.

మీ బావ పెళ్ళిచూపులకు వచ్చినప్పుడు నేను అడిగింది ఒకే ఒక మాట, మీ ఊర్లో ఏ నీళ్ళు తాగుతారని. ఆయన ఇప్పటికీ చెప్పి నవ్వుతాడు. తొలికాన్పుకు నేనే రాలేదు. నా కడుపులో బిడ్డకు ఆ నీళ్ళు పోయలేక రాలేదు. కారణం అమ్మకు చెప్పలేను, మీ బావకు చెప్పలేను. అత్తమ్మ పంపలేదని ఆమె మీద పెట్టాను. నీ తిట్లన్నీ ఆమెకు తెలుసు. "మీ తమ్మునికి నామీద ఎందుకమ్మా అంత కోపం?" అని ఒక్కసారి అడిగింది, మళ్ళీ అడగలేదు. నిన్న ఆమెకు మొత్తం చెప్పాను. ఆమె నాతో మాట్లాడటం లేదు. కంచంలో అన్నం మాత్రం పెడుతోంది.

అంటే ఏమిటో చూశావా? నా బిడ్డను తప్పించాను. మిగతా ఊరి బిడ్డలను అక్కడే వదిలేశాను.

నువ్వు ఊరికి చెబుతావని నాకు తెలుసు. నా పేరు రాయి. అక్క అని కాదు, పేరు రాయి. అమ్మ పేరు రాయవద్దు, అమ్మ మెడ చాలు.

ఇప్పుడు తొమ్మిదో నెల. బస్సు ఎక్కనివ్వరు. లేకుంటే వచ్చి నీ పక్కన నిలబడేదాన్ని. నిలబడేదాన్నో లేదో, నిజంగా నాకు తెలియదు.

మల్లీశ్వరి


కోనదిన్నె
7-4-2004

అక్కా,

నీ ఉత్తరం రెండు రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను. నిన్ను తిట్టాలని కాగితం తీసి, నా చేతిరాత చూసి మూసేశాను. మత్తు పెట్టినట్టు ఊరిని నిద్రపుచ్చింది ఆ అక్షరాలే కదా.

ముందు కుళ్ళాయప్ప ఇంటికి ఒక్కణ్ణే పోయాను. అతను దాచాడని నేను తప్పుగా అన్నానని, దాచింది మేమేనని చెప్పాను. రిజిస్టరులోంచి ఎక్కించుకున్న కాగితం చూపించాను. చదివి, మడిచి నా చేతిలో పెట్టాడు. తర్వాత, "అట్లయితే ఊర్లో నేనొక్కణ్ణే మంచోణ్ణి గదప్పా" అని నవ్వాడు.

"నీ మోటరు నీళ్ళు తాగొచ్చని దాంట్లోనే ఉండాది అన్నా. కరెంటు వచ్చినప్పుడు ఒక్క గంట ఊరికి వదులు. సర్కారు వేరే నీళ్ళు తెచ్చేదాకా."

"నా శెనక్కాయ ఎండిపోతే నువ్వొచ్చి ఉచ్చ పోస్తావా?" అన్నాడు. వాకిలి దాకా వచ్చి, మెల్లగా, చాలా మెల్లగా చెప్పాడు: "ఎలక్షన్ల కాలం. నలుగురు కన్నా ఎక్కువ గుంపుగా వస్తే పోలీసులు ఊరుకోరు. మోటరు కాడ నా మనుషులు ఉంటారు. మీ అమ్మ చెయ్యి ఇప్పటికే వాచి ఉండాది. చూసుకో."

అక్కడి నుంచి వచ్చి బోరింగుకు ఎర్రరంగు కొట్టాను. పట్టపగలు, అందరూ చూస్తుండగా. గరగర గీకుతుంటే నీలం కింద పాత ఎరుపు అలాగే ఉంది అక్కా, నిన్న కొట్టినట్టు. గీకేటప్పుడు ఎందుకో చెప్పాను. నీ పేరు చెప్పాను, నా పేరు చెప్పాను. ఎవరూ అరవలేదు. అరిస్తే బాగుండేది. నల్లమ్మ వచ్చి, తడి రంగు చేతికి అంటకుండా హ్యాండిల్‌కు కొంగు చుట్టి, కుండ నింపుకుంది. "ఇప్పుడు తెలిసింది సరే గిరీ. వేరే నీళ్ళు యాడుండాయి?" అని నా మొహంలోకి చూసింది. ఆ కుండ వెనక గౌతమి నడుచుకుంటూ పోయింది. నేను ఆపలేకపోయాను. ఆ తర్వాత సాయంత్రం దాకా అందరూ వచ్చి పట్టుకుపోయారు.

అమ్మకు నీ ఉత్తరం చదివి వినిపించాను. విని, ఉతికిన పాత చీరలు మూట కట్టి, "ఇవి దానికి పంపిచ్చు, ఈడికి రావద్దని చెప్పు" అంది. కోపంతో కాదు.

కరపత్రం వేద్దామంటే ప్రెస్సువాడు ఎలక్షన్ రూలు అని భయపడ్డాడు. బియ్యం మూటలు ఇంకా బడిలోనే ఉన్నాయి. అందుకని మళ్ళీ ఇంటి బడి రాశాను. కార్బన్ పెట్టి ఇరవై మూడు ప్రతులు. రేపు పిల్లల చేతికి ఇస్తాను. ప్రతి ఇంట్లో ఒకరైనా చదివేవాళ్ళు ఉన్నారు, ఆ చదివేవాళ్ళు నా పిల్లలే. కుళ్ళాయప్ప మనుషులు ఏం చేస్తారో నాకు తెలియదు. పదిమంది వస్తారో, నేనొక్కణ్ణే నిలబడతానో అదీ తెలియదు. ఇంకో ప్రతి నీకోసం రాసి పెడుతున్నాను. రామలక్ష్మమ్మ అత్తకు నా దండాలు చెప్పు. క్షమించమని నేనే వచ్చి అడుగుతాను, సోమవారం తర్వాత రాగలిగితే.

గిరి

ఇంటి బడి
సోమవారం, 12-4-2004
ఆరు, ఏడు తరగతులు

ఇది ఇంట్లో అందరికీ గట్టిగా చదివి వినిపించాలి. అవ్వకు వినపడకపోతే చెవి దగ్గర చదవాలి.

మన బోరింగు నీళ్ళు తాగరాదని 1998లోనే సర్కారు ఎర్రరంగు వేసింది. తెలిసి చెప్పనిది బి. మల్లీశ్వరి. తెలియక ఆ రంగు కప్పేసి 'మంచినీళ్ళు' అని రాసింది బి. గిరి, మీ సారు. వీళ్ళిద్దరినీ ఏమనాలో పెద్దవాళ్ళు నిర్ణయించాలి. గిరి ఎక్కడికీ పారిపోడు.

పొద్దున ఆరు గంటలకు ఇంట్లో ఎన్ని కుండలున్నాయో లెక్కపెట్టండి. బోరింగు నీళ్ళు ఉన్నవి ఒక పక్క, ఖాళీవి ఒక పక్క పెట్టండి. ఎనిమిది గంటలకు వాకిట్లో కట్టె పాతండి. నీడ కొలవండి. కొలిచేటప్పుడు ఇంట్లో అందరికంటే చిన్న బిడ్డ ఎవరో, ఆ బిడ్డ ఈ రోజు ఏ నీళ్ళు తాగిందో రాయండి. తొమ్మిది గంటలకు అది అమ్మకు, నాయనకు చదివి వినిపించండి. వాళ్ళు ఏమంటే అది ఉన్నది ఉన్నట్టు రాయండి. తిట్టినా రాయండి.

పదిన్నరకు ఖాళీ కుండలు పెద్దవాళ్ళకు ఎత్తివ్వండి. మీరు ఇంట్లోనే ఉండండి. పిల్లలు ఒక్కరు కూడా రాకూడదు, ఇది సారు మాట.

పెద్దలారా, పగటి కరెంటు పదకొండుకు వస్తుంది. చేతిలో కుండ తప్ప కట్టె గాని, రాయి గాని వద్దు. నలుగురికి మించి గుంపు కట్టకుండా, నలుగురు నలుగురుగా, దూరం దూరంగా నడుచుకుంటూ రండి. సోమవారం, పొద్దున సరిగ్గా పదకొండు గంటలకు, కుళ్ళాయప్ప తోట మోటరు దగ్గర కలుద్దాం.